తూచే రాళ్లు లేనివాడు: చలం రాతపై విశాఖలో ఒక చర్చ

(విశాఖపట్నంలోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: ఒక నవలా రచయిత, ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు, పుస్తకాల దుకాణం నడిపే ఒక పెద్దాయన. ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట్ల చదవడానికి వీలుగా సర్దాం.)

సంచాలకురాలు: నమస్కారం. ఇవాళ రచయిత గుడిపాటి వెంకటచలం గురించి. చలం బాగుచేశాడా, చెడగొట్టాడా అన్న తగవు ఆయన నవల మైదానం వచ్చిన 1927 నుంచీ తెగలేదు. ఈ గంటలో మనం తెగ్గొట్టబోవడమూ లేదు. రాయడం అంటే ఆయన ఏమనుకున్నాడు, ఆ అనుకోవడం తర్వాతివాళ్లను ఏం చేసింది, ఇంతవరకే మాట్లాడుకుందాం. రచయితగారూ, విశాఖలో కూర్చుని చలం గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

రచయిత: శ్రీశ్రీ దగ్గరే. ఈ ఊళ్లో పుట్టినవాడు. ఆయన మహాప్రస్థానానికి చలం యోగ్యతాపత్రం అన్న ముందుమాట రాసింది 1940లో. పుస్తకం 1950కి గాని రాలేదు. ముందుమాట పదేళ్లు పుస్తకం కోసం ఎదురుచూసింది! అందులో మొదటి మాటలు తీసుకోండి. ముందుమాట రాయమంటే, కవిత్వాన్ని తూచే రాళ్లు తన దగ్గర లేవన్నాడట చలం. తూచవద్దు, అనుభవించి పలవరించమన్నాడట శ్రీశ్రీ. రాత మీద చలానికున్న నమ్మకమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. రాసేవాడికి తీర్పు చెప్పే పని లేదు. తనకు తగిలినదాన్ని ఆ వేడి చల్లారకముందే కాగితం మీద పెట్టాలి.

అధ్యాపకురాలు: అంతా అక్కడే ఉంటే మిగిలిన పుస్తకాలన్నీ ఎందుకు రాసినట్టండీ? నాకూ ఆ ముందుమాట ఇష్టమే. కానీ అదే ముందుమాటలో ఆయన కృష్ణశాస్త్రినీ శ్రీశ్రీనీ పక్కపక్కన నిలబెట్టాడు. కృష్ణశాస్త్రి బాధ ప్రపంచానికి బాధ అనీ, ప్రపంచపు బాధంతా శ్రీశ్రీ బాధ అనీ తేల్చేశాడు. ఎనభై ఏళ్లు దాటినా ఆ తూకాన్ని ఎవరూ మార్చలేకపోయారు. రాళ్లు లేనివాడు అంత కచ్చితంగా ఎలా తూచాడు?

పుస్తక విక్రేత: రాళ్లు బల్ల కింద ఉంటాయి మేడమ్. ఏ వ్యాపారంలోనైనా అంతే.

(నవ్వులు)

రచయిత: సరే, తూచాడు. కానీ ఆ తీర్పు వినిపించిన తీరు చూడండి, పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టుంటుంది. నేను చలం దగ్గర నేర్చుకున్నది ఆ వాక్యమే. గురజాడ, గిడుగు ఈ ఉత్తరాంధ్రలోనే వాడుక భాషకు దారి తెరిచారు. ఆ దారిలో చాలామంది నడిచారు, కథలు చెప్పారు, వ్యాసాలు రాశారు. మనిషి తనలో తాను మాట్లాడుకునే మాటను, సగంలో ఆగిపోయే మాటను, సిగ్గుపడి వెనక్కి తీసుకునే మాటను అచ్చులోకి తెచ్చినవాడు మాత్రం చలం. చలం అభిప్రాయాలను అసహ్యించుకున్నవాళ్లు కూడా ఆ తర్వాత అలాగే రాశారు. వాళ్లకు తెలియకుండానే.

సంచాలకురాలు: ఈ మాట అందరూ అంటారు. నాకు మాత్రం చలం వాక్యం కొన్నిచోట్ల మరీ తడిగా అనిపిస్తుంది. ఆయన ప్రేమలేఖలు పుస్తకం వరసగా చదవడం నా వల్ల కాదు. పోనివ్వండి. మేడమ్, ఆయన ఉద్యోగం సంగతి ఎత్తుతానన్నారు.

అధ్యాపకురాలు: చలం అనగానే తోటలో కూర్చుని కలలు కనే మనిషిని ఊహించుకుంటాం. ఆయన బడిపంతులు, ఆ తర్వాత బడుల ఇన్స్పెక్టరు. ఊరూరా తిరిగి హాజరుపట్టీలు చూసి, పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకుని, నివేదిక రాసి పై అధికారులకు పంపడం ఆయన జీతం తెచ్చిన పని. అలా ఎన్ని బడుల్లో బెత్తం చూసి ఉంటాడో ఊహించండి. బిడ్డల శిక్షణ అన్న ఆయన పుస్తకం ఆ తిరుగుడులోంచి వచ్చింది. పిల్లలను కొట్టి, భయపెట్టి, సిగ్గుపరిచి దారిలో పెట్టడాన్ని అంత కోపంగా నిలదీసిన తెలుగు పుస్తకం ఆ రోజుల్లో ఇంకొకటి నాకు కనిపించలేదు. మైదానం కోసం కొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది దాని జోలికే పోలేదు. నన్నడిగితే చలం ప్రభావాన్ని మనం తప్పు పుస్తకంలో వెతుకుతున్నాం.

రచయిత: మైదానాన్ని అలా పక్కకు తోసేయకండి. ఒక ప్లీడరు భార్య రాజేశ్వరి, ఇల్లు వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన మనిషి, తన కథ తానే చెప్పుకుంటుంది. ఎవరినీ క్షమాపణ అడగదు. 1927లో!

అధ్యాపకురాలు: తోసేయడం లేదు. రాజేశ్వరి గొంతు తెలుగు నవలలో అంతకుముందు వినని గొంతు. ఒప్పుకుంటాను. కానీ ఆమె బతుకంతా ఆ మైదానమే. చేయడానికి పని లేదు, తోటి ఆడవాళ్లు లేరు, రేపు ఎలా గడుస్తుందన్న లెక్క లేదు. మగవాడు ఉన్నంతవరకే స్వేచ్ఛ. అరవై ఏళ్ల తర్వాత, 1987లో, ఓల్గా స్వేచ్ఛ నవల రాసినప్పుడు అందులో అరుణకు ప్రేమించి చేసుకున్న పెళ్లి కూడా చాలలేదు. ఇంటి బయట ఉన్న ప్రపంచం కావలసివచ్చింది. రాజేశ్వరి దాటిన గడప అరుణకు పనికొచ్చింది. అయితే చలం ఆగిన చోట అరుణ ఆగలేదు. ప్రభావం అంటే నా దృష్టిలో ఇది. గురువుగారి దగ్గర అప్పు తీసుకుని, ఆయనతోనే పోట్లాడటం.

పుస్తక విక్రేత: నేనొక మాట చెప్పనా. చలం స్త్రీ అన్న పుస్తకంలో మూడు వాక్యాలు ఉన్నాయి కదా, స్త్రీకి శరీరం ఉంది, దానికి వ్యాయామం ఇవ్వాలి, మెదడుంది, దానికి జ్ఞానం ఇవ్వాలి, హృదయం ఉంది, దానికి అనుభవం ఇవ్వాలి అని. మార్చి 8 వస్తే అవి గోడ మీదికి ఎక్కుతాయి. ఎక్కించినవాళ్లలో కొందరు నా దుకాణానికి వచ్చి, మైదానం లాంటివి అమ్ముతారేమిటండీ అని అడిగారు. రెండూ రాసింది ఒకరే అని చెబితే వాళ్ల ముఖం చూడాలి.

సంచాలకురాలు: అమ్మకాలు ఎలా ఉన్నాయి?

పుస్తక విక్రేత: ఎవరి పుస్తకాలు కదలకపోయినా చలం కదులుతాడు. ఒకప్పుడు మైదానాన్ని ఇంకేదో పెద్ద పుస్తకం కింద పెట్టి బల్ల దాకా తెచ్చేవాళ్లు. ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకది కాస్త వెలితి. చలం పోయింది 1979లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులు ఉంటాయి గనుక 2039 చివరిదాకా వారసుల అనుమతి లేకుండా ఎవరుబడితే వాళ్లు అచ్చువేయకూడదు. ఆ తర్వాత చూడండి, వీధికొక మైదానం.

సంచాలకురాలు: ఇందాకటి మాటకు వెనక్కి వెళ్దాం. తగిలినదాన్ని రాయాలి అన్నారు. జీవించినదే రాయాలి, రాసినట్టే జీవించాలి అన్న చలం పట్టుదల తర్వాతి రచయితలకు మేలు చేసిందా?

రచయిత: కీడు కూడా చేసింది. కథ రాయాలంటే ముందు కొంప ముంచుకోవాలి అనుకున్న కుర్రాళ్లను నేను చూశాను. ఉద్యోగం మానేసినవాడు, భార్యను ఏడిపించినవాడు, అది సాహిత్యం కోసమేనని నమ్మినవాడు. ఏడిపించడం జరిగింది, సాహిత్యం మాత్రం రాలేదు. ఈ ఊళ్లోనే రావిశాస్త్రి ఉన్నాడు కదా. నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లి, కక్షిదారుల మాట విని, ఆరు సారా కథలు రాశాడు. చట్టం పేదవాడి మెడకు ఎలా బిగుసుకుంటుందో చూపడానికి ఆయన సారా కాయనక్కరలేకపోయింది.

అధ్యాపకురాలు: ఆ పట్టుదలకు మూల్యం చలం తన దగ్గరివాళ్లతో కట్టించాడన్నది కూడా చెప్పండి. ఊరు వెలివేస్తే వెలి ఆయన ఒక్కడికే పడదు, ఇంటిల్లిపాదికీ పడుతుంది. ఆత్మకథలో ఆయన తనను తాను దాచుకోలేదు, అది గొప్పే. కానీ ఆ పుస్తకంలో వినిపించేది ఆయన గొంతు. భార్య రంగనాయకమ్మగారు తన ఆత్మకథ రాసి ఉంటే మనం ఈ చర్చ ఇంకో రకంగా చేసేవాళ్లం.

రచయిత: దానికి నా దగ్గర జవాబు లేదు.

సంచాలకురాలు: అలాంటి మనిషి 1950లో అరుణాచలం వెళ్లిపోయాడు. చివరిదాకా అక్కడే. మైదానం రాసినవాడు రమణాశ్రమం నీడన కూర్చోవడాన్ని ఓటమి అనుకున్నవాళ్లు చాలామంది. మీరూ అంతేనా?

రచయిత: కాదు. అక్కడా రాశాడు. సుధ ఉంది, భగవాన్ స్మృతులు ఉన్నాయి. రాజేశ్వరి అమీర్ దగ్గర వెతుక్కున్న సుఖాన్నే ఆయన ఇంకోచోట వెతుక్కున్నాడు. చిరునామా మారింది, తపన మారలేదు.

అధ్యాపకురాలు: ఇది అభిమానుల సమాధానం. అన్ని కట్టుబాట్లనూ ప్రశ్నించిన చలం ఒక్క గురువు ముందు ప్రశ్న మానేశాడని నాకు అనిపిస్తుంది. అయితే ఆ రోజుల్లోనూ ఎవరు ఉత్తరం రాసినా విసుక్కోకుండా జవాబిచ్చిన మనిషి మీద కోపం నిలవదు. మిత్రుడు చింతా దీక్షితులుగారికి రాసిన ఉత్తరాలు చదవండి. నవలల్లో కనిపించే గర్వం అక్కడ ఉండదు.

పుస్తక విక్రేత: చలం పోయాక కూతురు సౌరిస్ గారు మన భీమిలికి వచ్చి ఉన్నారు. అందుకని ఇప్పటికీ బయటి ఊళ్లవాళ్లు నా దగ్గర రెండు పుస్తకాలు కొని, భీమిలి బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతారు.

సంచాలకురాలు: సమయం దగ్గర పడింది. చలాన్ని అసలు చదవని మనిషి రేపు ఉదయం మీ దుకాణానికి వస్తే ఏమిస్తారు?

పుస్తక విక్రేత: మ్యూజింగ్స్. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు, నచ్చకపోతే ఆ పేజీ వదిలేయవచ్చు.

రచయిత: మైదానం. దెబ్బ తగలాలి ముందు.

అధ్యాపకురాలు: బిడ్డల శిక్షణ ఉందా మీ దగ్గర?

పుస్తక విక్రేత: లేదు మేడమ్, తెప్పించాలి. అడిగేవాళ్లు లేరు.

అధ్యాపకురాలు: నేను అడుగుతున్నాను కదా. పది కాపీలు తెప్పించండి. మా వీధి చివర బడి ఉంది, ఉపాధ్యాయుల గదిలో పెట్టి వస్తాను.

రచయిత: పుచ్చుకుంటారా?

అధ్యాపకురాలు: ఇచ్చేది ఎవరో వాళ్లకు తెలుసు. వాళ్లలో ఇద్దరికి నేనే పాఠం చెప్పాను.