టవర్‌లో ఒక్క క్షణం మరపు

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లకు దేవనహళ్లి దారి కొత్త కాదు. సంక్రాంతికి విశాఖో హైదరాబాదో వెళ్లాలంటే తెల్లవారుజామునే క్యాబ్ ఎక్కుతాం. తీరా విమానం రన్‌వే అంచుదాకా వచ్చి ఆగిపోతే విసుక్కుంటాం. అక్కడ నేల మీద పసుపు గీతలు ఉంటాయి. విమానాల కదలికలను నియంత్రించే టవర్ అనుమతి లేకుండా విమానమే కాదు, జీపు కూడా ఆ గీతలు దాటకూడదు. రన్‌వే మీద ఉండకూడని సమయంలో ఏది ఉన్నా దాన్ని రన్‌వే ఇన్‌కర్షన్ అంటారు.

ఒక్కోసారి పొరపాటు టవర్‌లోనే జరుగుతుంది. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం లాస్ ఏంజెలస్‌లో ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి వెళ్లి ఆగమని కంట్రోలర్ చెప్పారు. ఈలోగా ఇంకో విమానం రేడియోలో పలకలేదు. ఆమె దాని గొడవలో పడ్డారు. రన్‌వే మీద నిలబెట్టిన విమానం సంగతి మరిచిపోయి, అక్కడే దిగమని ఒక బోయింగ్ 737కు అనుమతి ఇచ్చేశారు. 35 మంది చనిపోయారు.

తప్పంతా ఆమె నెత్తిన వేసి ఊరుకోవచ్చు. దర్యాప్తు అధికారులు అలా చేయలేదు. ఒక మనిషి మరిచిపోతే పట్టుకునే రెండో ఏర్పాటు అక్కడ లేకపోవడాన్నే అసలు లోపంగా తేల్చి, టవర్ నిర్వాహకులను తప్పుపట్టారు. నాకైతే అదే న్యాయమనిపిస్తుంది. మరిచిపోవద్దని హెచ్చరిస్తే మరపు పోతుందా?

రెండో కన్ను ఉంటే ఏమవుతుందో బెంగళూరులోనే చూశాం. 2022 జనవరి 7 ఉదయం రన్‌వేల వాడకం మార్చిన సంగతి ఒక కంట్రోలర్‌కు చేరలేదు. పక్కపక్క రన్‌వేల నుంచి లేచిన రెండు విమానాలు గాల్లో దగ్గరికొచ్చేశాయి. రాడార్ ముందున్న కంట్రోలర్ గమనించి, రెండింటినీ చెరోపక్కకు మళ్లించారు.

టవర్ చెప్పిన ఆదేశాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పడం, రన్‌వే దగ్గర అడ్డంగా వెలిగే ఎర్రదీపాలు, నేల మీది కదలికలు చూపే రాడార్, ఇవన్నీ అందుకోసమే. అయినా యంత్రం హెచ్చరిస్తే సరిపోదు, దాన్ని చూసేవాళ్లుండాలి. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో కోస్ట్‌గార్డ్ విమానం రన్‌వే మీదికి వచ్చేసినప్పుడు టవర్ తెర మీద హెచ్చరిక కనిపిస్తూనే ఉంది. ఎవరూ గమనించలేదు. దిగుతున్న విమానం దాన్ని ఢీకొట్టి తగలబడింది. అందులోని 379 మందీ బయటపడ్డారు కానీ, కోస్ట్‌గార్డ్ సిబ్బందిలో ఐదుగురు పోయారు. నాలుగు రోజులకే ఆ తెరను చూస్తూ ఉండటానికని టవర్‌లో ప్రత్యేకంగా మనిషిని పెట్టారు.