వైకల్య శాతం తగ్గించినా, పింఛను తిరస్కరించినా అప్పీలు చేసే విధానం

నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల కోసం ఈ వీడియో చేస్తున్నాను. వైకల్య శాతం తక్కువ వేశారనో, పింఛను రాదన్నారనో దరఖాస్తును మధ్యలో వదిలేసినవారు దీన్ని పూర్తిగా వినాలని కోరుతున్నాను.

మీ దరఖాస్తు ఎక్కడ ఆగిపోయిందో ముందుగా తేల్చుకోవాలి. శాతం నిర్ణయించేది ఆసుపత్రిలోని వైద్యాధికారి లేదా మెడికల్ బోర్డు. పింఛను దరఖాస్తు వెళ్లేది బ్లాకు కార్యాలయానికి లేదా మునిసిపాలిటీకి. శాతం గురించి బ్లాకు అభివృద్ధి అధికారి (బీడీఓ) దగ్గర ఎంత మొరపెట్టుకున్నా, దాన్ని మార్చే అధికారం ఆయనకు లేదు. చట్టప్రకారం చాలా ప్రయోజనాలకు 40 శాతం, కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వికలాంగ పింఛనుకు 80 శాతం కావాలి గనుక, రెండు మూడు శాతాల తేడా కూడా ఒక కుటుంబానికి చాలా పెద్దది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 58వ సెక్షను ప్రకారం, వైకల్యం లేదని తేల్చితే ఆ సంగతిని రాతపూర్వకంగా తెలియజేయాలి. బోర్డు నిర్ణయం నచ్చనివారికి 59వ సెక్షను అప్పీలు హక్కు ఇచ్చింది. నోటిమాటను పట్టుకుని అప్పీలు రాయడం కష్టం కాబట్టి, నిర్ణయాన్ని కాగితం మీద ఇవ్వమని అర్జీ పెట్టి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అయినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అప్పీలు ఏ అధికారికి పంపాలో జిల్లా సామాజిక భద్రతాధికారి కార్యాలయంలో అడగండి.

అప్పీలు విచారణకు వెళ్లేటప్పుడు చాలామంది పెద్దలు బిడియపడి, డాక్టరుగారు అడిగితే "పరవాలేదండీ" అనేస్తారు. దయచేసి అలా అనవద్దు. ఎంత దూరం నడిస్తే కాలు లాగేస్తుందో, స్నానం ఎవరు చేయిస్తున్నారో, ఎన్నిసార్లు పడిపోయారో ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతిశయోక్తి కాదు. వినికిడి పరీక్ష రిపోర్టులు, ఎక్స్‌రేలు, కాలిపర్లు (కాలికి ఆసరాగా కట్టుకునే పట్టీలు) ఉంటే వెంట తీసుకువెళ్లండి. శ్రీకాకుళంలోనో విశాఖ కేజీహెచ్‌లోనో వైద్యం చేయించుకున్నవారు ఆ చీటీలను కూడా తీసుకువెళ్లాలి. పొరుగు రాష్ట్రంలో నిబంధనల ప్రకారం ఇచ్చిన ధ్రువపత్రమైనా దేశమంతటా చెల్లుతుంది.

ఒడియాలో రాసిన కాగితం మీద, చదివించుకుని అర్థం తెలుసుకోకుండా వేలిముద్ర వేయవద్దు. ఒడియా బాగా వచ్చిన బంధువునో, బడి మాస్టారునో వెంట తీసుకువెళ్లండి.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి.