టికెట్ రాలేదు, పార్కు బెంచీ దొరికింది | న్యూకాజిల్ వ్లాగ్

నమస్తే అండీ. ఇవాళ 2025 అక్టోబర్ 25, శనివారం, నాగుల చవితి. ఇంగ్లండ్‌లోని ఈ న్యూకాజిల్ ఊళ్లో పుట్ట ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? మెట్ల కింద అలమరే మా దేవుడి గది. అందులో వెండి నాగపడగ మీద నాలుగు చుక్కల పాలు పోసి దణ్ణం పెట్టుకున్నాం. చలిమిడి కొంచెం జారింది కానీ చిమ్మిలి మాత్రం బాగా కుదిరింది. ఆ చిమ్మిలి డబ్బా పట్టుకుని ఇప్పుడు ఫుట్‌బాల్ మ్యాచ్‌కి బయల్దేరాం.

మ్యాచ్‌కి అంటే లోపలికి కాదండీ. మళ్లీ టికెట్ రాలేదు. ఇక్కడ న్యూకాజిల్ యునైటెడ్ మ్యాచ్ చూడాలంటే సీజన్ టికెట్ ఉండాలి, లేదా డబ్బు కట్టి మెంబర్‌షిప్ తీసుకుని ప్రతి మ్యాచ్‌కీ బ్యాలెట్లో పేరు వేయాలి. లాటరీయే అనుకోండి. మెయిల్ వచ్చిన రోజు మా చిన్నోడి మొహం చూడాలి, ఎంసెట్ రిజల్ట్ వచ్చినట్టే. పదకొండేళ్లు వాడికి. ఈ సీజన్లో ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. 52,000 పైగా సీట్లున్నాయి, మనకి రెండు దొరకవు. ఊరంతా ఇదే గొడవ. ఉన్న స్టేడియాన్ని పెంచాలా, పక్కన కొత్తది కట్టాలా? ఇవాళ మా నడకంతా కూడా అదే.

నడక అంటే, మా ఫెన్‌హామ్ నుంచి పావుగంట. దారిలో ఇదిగో, ఇటు చూడండి, క్యాజిల్ లీజెస్ అనే పచ్చిక బయలు. ఇక్కడ ఏప్రిల్ నుంచి చలి ముదిరేదాకా ఆవులు మేస్తాయి. ఫ్రీమెన్ అని ఈ ఊరి పాత కుటుంబాల వాళ్లకి తరతరాలుగా ఆవుల్ని మేపుకునే హక్కు ఉంది. ప్రీమియర్ లీగ్ స్టేడియానికి కూతవేటు దూరంలో ఆవుల మంద! మొదటిసారి చూసినప్పుడు నేను వీడియో తీసి అమ్మకి పంపితే, "ఇందుకేనా లక్షలు పోసి లండన్ వెళ్లారు" అంది. లండన్ కాదమ్మా అని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

ఇక్కడే 1990ల నడుమ కొత్త స్టేడియం కడదామని క్లబ్బు అనుకుంది. అప్పట్లో పాత స్టేడియంలో సీట్లు 36,000 చిల్లర, ఊళ్లో మోజేమో ఆకాశానికి అంటింది. బయలు జోలికి రావద్దని జనం సంతకాలు పెట్టి గోల చేశారు. క్లబ్బు వెనక్కి తగ్గి, ఉన్నచోటే రెండు స్టాండ్ల మీద అంతస్తులు లేపి 2000కల్లా 52,000 చేసింది. అందుకే చూడండి, సెయింట్ జేమ్స్ పార్క్ అనే ఈ స్టేడియం ఒక పక్క కొండలా లేచి ఉంటుంది, ఇంకో పక్క పొట్టిగా ఉంటుంది. చిన్నప్పుడు మా చిన్నోడు వేసిన బొమ్మలా ఉందని నేను నవ్వుతాను, వాడికి కోపం.

ఆ పొట్టి పక్క ఎందుకలా ఉందో మా పక్కింటి పెద్దాయన చెప్పారు. ఇవాళ మాతో నడిచి వచ్చింది ఆయనే. డెబ్బై దాటాయి, ఈ ఊళ్లోనే పుట్టారు, మోకాళ్లు అరిగినా ఒక్క మ్యాచ్ మానరు. నన్ను "పెట్" అని పిలుస్తారు. వచ్చిన కొత్తలో ఇదేంటి, పెంపుడు కుక్కనా నేను అని బిక్కమొహం వేశాను. తర్వాత తెలిసింది, ఇక్కడ జార్డీ యాసలో అది మన "అమ్మా, తల్లీ" లాంటిదని. ఆయన సీటు ఈస్ట్ స్టాండ్‌లో. పక్క సీటు వాళ్ల తమ్ముడిది. తమ్ముడు పోయాక అందులో ఆ తమ్ముడి కూతురు కూర్చుంటోంది. ఆ స్టాండ్ వెనకాలే లీజెస్ టెరేస్ అనే ఇళ్ల వరస ఉంది, 1829 నుంచి 1834 మధ్య కట్టినవి. మొదటి శ్రేణి వారసత్వ కట్టడం. దాన్ని ముట్టుకోడానికి లేదు, దాని వెలుతురుకి అడ్డం రాకూడదు. కాబట్టి ఈస్ట్ స్టాండ్ పైకి లేవదు. దక్షిణాన ఉన్న గ్యాలోగేట్ స్టాండ్ పక్క పెంచొచ్చు అంటారు, కానీ అక్కడ రోడ్డు, మెట్రో స్టేషన్ అడ్డం. ఆ పక్కనున్న ఖాళీ జాగా క్లబ్బు పాత యజమాని హయాంలో చేజారితే, కొత్త యజమానులు 2023లో తిరిగి కొన్నారు.

ఇక అసలు పేచీ. ఇదిగో వచ్చేశాం, లీజెస్ పార్క్. 1873లో తెరిచారు, ఊళ్లో అన్నిటికన్నా పాత పార్కు. చెరువు, బాతులు, పాటకచేరీల మండపం. చెట్ల మీదుగా ఆ తెల్లటి ఇనుప దూలాలు కనిపిస్తున్నాయా? అదే స్టేడియం. కొత్త స్టేడియం ఈ పార్కు మీదకి వస్తుందని పేపర్లు రాస్తున్నాయి, 65,000 సీట్లతో. ఇంకా ఏదీ తేల్చలేదు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో, చంటివాణ్ని తోపుడుబండిలో వేసుకుని, ఒక్క మనిషీ తెలియక, రోజూ వచ్చి కూర్చున్న బెంచీ ఇదేనండీ. ఇదిగో, ఈ పచ్చరంగు పోయిన చేతిపిడి దగ్గర. నా మాట నిష్పక్షపాతంగా ఉంటుందని మాత్రం అనుకోకండి.

మ్యాచ్ మూడింటికి. గంట ముందే వచ్చి డబ్బా తెరిచాం. పెద్దాయన చిమ్మిలి ఉండ ఒకటి నోట్లో వేసుకుని, ఇందులో ఏముంది అన్నారు. నువ్వులు, బెల్లం అంతే అన్నాను. రెండోది తీసుకున్నారు.

మా ఆయన కొత్తది కట్టాల్సిందే అనే పక్షం. ఐటీ మనిషి కదా, అన్నిటికీ ఎక్సెల్ షీటే. "2023-24లో మ్యాచ్ రోజుల మీద మనకి వచ్చింది దాదాపు 5 కోట్ల పౌండ్లు. ఆర్సెనల్‌కి 10 కోట్లు దాటింది. వాళ్లతో ఎలా పోటీ పడతాం?" అంటారు. 2021లో ఈ క్లబ్బుని సౌదీ ప్రభుత్వ నిధి కొన్నది కదా, డబ్బుకేం లోటు అని మీరనొచ్చు. నేనూ అదే అన్నాను. లీగ్ రూల్స్ ప్రకారం క్లబ్బు తన సంపాదనను మించి ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టి ఇష్టం వచ్చినట్టు నష్టాలు చూపించకూడదట. స్టేడియం కట్టడానికి పెట్టే ఖర్చు మాత్రం ఆ నష్టాల లెక్కలోకి రాదు. కట్టుకున్నాక వచ్చే రాబడితో ఆటగాళ్లని కొనొచ్చు. అంటే ఇల్లు కట్టడానికి అప్పు చేస్తే ఎవరూ ఏమీ అనరు, కూరగాయలకి చేస్తేనే తిడతారు అన్నట్టు.

"నిండుతుందా అంత?" అన్నాను. అన్నందుకు పెద్దాయన నా వైపు ఎలా చూశారంటే! ఈ జట్టు కింది డివిజన్‌కి పడిపోయిన 2016-17లో కూడా సగటున 51,000 మంది వచ్చారట. ఓడినా వస్తారు, వానొచ్చినా వస్తారు. 1955 తర్వాత దేశంలో ఒక్క పెద్ద కప్పు కూడా గెలవకుండా డెబ్బై ఏళ్లు వచ్చారు. మొన్న మార్చిలో వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-1తో కొట్టి కారబావో కప్ తెచ్చినప్పుడు ఈ పెద్దాయన మా గుమ్మంలో నిలబడి ఏడ్చారు. నేను గాభరాపడి మంచినీళ్లు ఇచ్చాను.

మా ఆయన ఊరుకోరు కదా, "మరి 2020లో హాఫ్ సీజన్ టికెట్లు పదివేలు ఊరికే పంచారుగా" అన్నారు. అదీ నిజమే. అప్పటి యజమాని మీద కోపంతో జనం రావడం మానేస్తే, సీట్లు ఖాళీగా కనపడకుండా ఉచితంగా ఇచ్చారు. పెద్దాయన ఒప్పుకున్నారు, కానీ ఆయన లెక్క వేరు. "వాళ్లు ఆట మీద అలగలేదు, యజమాని మీద అలిగారు."

మధ్యలో మావాడు బాంబు వేశాడు. "1930లో చెల్సీ మ్యాచ్‌కి ఇక్కడే 68,386 మంది వచ్చారు. అప్పుడు పట్టారు, ఇప్పుడెందుకు పట్టరు?" వీడికి ఎక్కాలు రావు కానీ ఇలాంటివన్నీ వచ్చు. అప్పుడంతా నిలబడి చూసేవారు నాన్నా. 1989లో హిల్స్‌బరోలో తొక్కిసలాట జరిగింది, చివరికి 97 ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే పెద్ద డివిజన్ల స్టేడియాలన్నీ సీట్లతోనే ఉండాలన్నారు. పుష్కరాల తొక్కిసలాట గురించి తెలిసిన గోదావరి దానిగా నాకు ఆ సీట్ల మీద ఫిర్యాదు లేదు.

నాకు ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. కొత్తగా వచ్చే సీట్లు ఎవరివి? 1994లో ఇదే క్లబ్బు 500 పౌండ్ల బాండ్లు అమ్మింది, పదేళ్లు నీ సీటు నీదే అని. స్టేడియం పెంచే వేళకి మెయిన్ స్టాండ్ మధ్యలో ఉన్న కొందరిని లేపి, అక్కడ భోజనంతో కలిపి అమ్మే ఖరీదైన సీట్లు పెడతామంది. అభిమానులు కోర్టుకెళ్లారు. 2000లో ఓడిపోయారు. కింద చిన్న అక్షరాల్లో రాసినదే గెలిచింది. అందుకే 65,000 అన్న అంకె వినగానే మా ఆయనలా నాకు ఉత్సాహం రాదు. అందులో పన్నెండు వందల పౌండ్ల కుర్చీలెన్ని, పదకొండేళ్ల పిల్లాడు కూర్చునే కుర్చీలెన్ని? అది ముందు చెప్పమనండి, అప్పుడు పార్కు గురించి మాట్లాడదాం. నా మటుకు నాకు గ్యాలోగేట్ పక్క ఎంత లేస్తే అంత లేపుకుని, ఉన్నచోటే ఉంటే చాలు. 1892 నుంచి ఈ క్లబ్బు ఆడుతున్న, ఊరి నడిబొడ్డున ఉన్న మైదానం ఇది.

ఇదే మాట మన హైదరాబాద్ గురించి ఎవరితో వాదించాలి? 2021-22లో ఐఎస్ఎల్, అంటే మన ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ నెలలోనే ఢిల్లీకి వెళ్లి పేరు మార్చుకుంది. బెంచీ మీద కూర్చుని తగువులాడేవాళ్లు కూడా లేరు. సరే వదిలేయండి.

రెండున్నరకి పెద్దాయన లేచి, నలుపు తెలుపు మఫ్లర్ సర్దుకుని వెళ్లారు. మేం ముగ్గురం ఉండిపోయాం. ఇప్పుడో చోద్యం చెప్పనా? శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు బ్రిటన్‌లో టీవీలో వేయరు. చిన్న క్లబ్బుల మైదానాలకి జనం తగ్గకూడదని 1960ల నుంచీ ఉన్న కట్టుబాటు. కానీ ఇండియాలో వస్తుంది! మూడొందల గజాల దూరంలో ఉన్న మాకు బొమ్మ లేదు, కాకినాడలో రాత్రి ఏడున్నరకి సోఫాలో పడుకున్న మా తమ్ముడికి ఉంది. రేడియోలో కామెంటరీ వస్తుంది కానీ మావాడికి మావయ్యే కావాలి. ఫోన్ స్పీకర్లో పెట్టి బెంచీ మీద నిలబెట్టాం.

ఫుల్హమ్‌తో మ్యాచ్. కాసేపటికి చెట్ల వెనక నుంచి హోరు లేచింది. అలలాగా కాదండీ, పెద్ద లారీ లోడు కంకర ఒక్కసారి దింపినట్టు. బెంచీ చెక్క అదిరింది. చెరువులో బాతులు తల కూడా తిప్పలేదు, అలవాటైపోయాయి. మావాడు గాల్లోకి ఎగిరాడు. ఫోన్లో మా తమ్ముడు తాపీగా, "ఏం లేదురా, బాల్ మధ్యలోనే ఉంది" అంటున్నాడు. వాడికి నెట్‌లో అర నిమిషం ఆలస్యం.

"మావయ్యా, చూస్తూ ఉండు, ఇప్పుడు గోల్ పడుద్ది!"

"ఎలా పడుద్దిరా, ఇంకా... ఒరేయ్! అక్కా, పడింది! మర్ఫీ!"

సెకండాఫ్‌లో ఇంకో చప్పుడు. ఇది చిన్నది, పైనుంచి వచ్చింది. బయటి ఊరి అభిమానులని లీజెస్ స్టాండ్ కొసన, బోలెడు మెట్లెక్కించి కూర్చోబెడతారు. ఆ స్టాండ్ మా బెంచీకి దగ్గర. ఎవరో మేడ మీద పెళ్లిలో అరిచినట్టు వినపడింది, మిగతా స్టేడియం చడీచప్పుడు లేదు. మావాడు ఏమీ అనకుండా కూర్చున్నాడు. "మావయ్యకి చెప్పకు" అన్నాడు మెల్లగా. చెప్పలేదు. అర నిమిషం తర్వాత తమ్ముడే "అయ్యో" అన్నాడు.

ఇక 1-1 అనుకుని నేను డబ్బా మూత పెట్టేశాను. చలి మొదలైంది. రాత్రికి గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, రేపటి నుంచి నాలుగున్నరకే చీకటి. పక్క బెంచీ మీద కుక్కతో ఉన్న పెద్దావిడ కూడా లేవబోయింది. అప్పుడు పడిందండీ. ఇంతకుముందు వినపడ్డ హోరు దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఈసారి బాతులు లేచాయి. ఆవిడ కుక్క మొరుగుతోంది, ఆవిడ కూడా అరుస్తోంది. మావాడు ఫోన్ పట్టుకుని, "మావయ్యా కళ్లు మూసుకోకు, కళ్లు మూసుకోకు" అని చెరువు చుట్టూ పరుగు. కాకినాడ నుంచి "బ్రూనో! బ్రూనో!" అని కేక వచ్చేసరికి వాడు మండపం దాకా వెళ్లిపోయాడు.

ఐదు దాటాక బ్యారక్ రోడ్డులో జనంలోంచి పెద్దాయన దొరికారు. గొంతు పోయింది. మోకాలు పట్టుకుని గోడకి ఆనుకుని, "నా ముందున్న వాళ్లంతా ఒక్కసారే లేచారు, రెండో గోల్ నాకు కనపడనే లేదు" అన్నారు.

మావాడు ఆయన చెయ్యి పట్టుకుని మావయ్య చెప్పింది చెప్పినట్టు, కాళ్లతో చేసి చూపిస్తూ ఇంటిదాకా చెప్పుకుంటూ వచ్చాడు.