పన్నెండు గంటల డ్యూటీకి అసలు లెక్క ఎంత?

శ్రోతలకు నమస్కారం. ఈ పూట జీతం గురించి, పని గంటల గురించి మాట్లాడుకుందాం. జీతం ఎంతని అందరం అడుగుతాం గానీ, ఎన్ని గంటలకు ఆ జీతం అని అడిగేవాళ్లు తక్కువ. మోసమంతా అక్కడే జరుగుతోంది.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గరుండే సెక్యూరిటీ గార్డు సంగతే తీసుకోండి. పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగాలి, అదీ రిలీవర్ టైముకి వస్తే. ఏజెన్సీవాళ్లు చేర్చుకునేటప్పుడే 'పన్నెండు గంటల డ్యూటీ' అని చెప్పేస్తారు కాబట్టి ఆయనా అదే మామూలు అనుకుంటాడు, మనమూ అదే అనుకుంటాం. కాదండీ. వారానికి 48 గంటల వరకే మామూలు పని. ఆ పైన చేసే ప్రతి గంటా ఓటీ, అంటే ఓవర్‌టైం, కిందికే వస్తుంది, ఓటీకి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి.

వేళ్ల మీదే లెక్క వేద్దాం. రోజుకు 12 చొప్పున ఆరు రోజులకు 72 గంటలు. అందులో 48 తీసేస్తే 24 గంటల ఓటీ. రెట్టింపు కాబట్టి ఆ 24 గంటలకు 48 గంటల డబ్బు రావాలి, అంటే వారం రోజుల పనికి రెండు వారాల జీతం! భోజనానికని రోజూ ఓ అరగంట తీసేసినా పెద్దగా తగ్గదు. వారానికో సెలవు కూడా ఇవ్వకుండా ఏడు రోజులూ నిలబెట్టేవాళ్ల లెక్క మీరే వేసుకోండి.

"ఇప్పుడు రూల్ మారింది, రోజుకు పది గంటలు చేయించుకోవచ్చు" అని ఎవరైనా అంటే సగమే చెబుతున్నారని అర్థం. తెలంగాణలో 2025 జులైలో వాణిజ్య సంస్థలకు అలా మార్చిన మాట నిజమే, షాపులను మాత్రం అందులో కలపలేదు. కానీ వారానికి 48 గంటల హద్దును కదిలించలేదు. పైగా ఆ ఉత్తర్వు ప్రకారం మూడు నెలల్లో 144 గంటలకు మించి ఓటీ చేయించకూడదు. మన గార్డు వారానికి 24 గంటల చొప్పున ఆరు వారాల్లోనే ఆ కోటా పూర్తి చేసేస్తాడు. ఆ తర్వాత డబ్బిచ్చి చేయించినా తప్పే.

"ఒప్పుకునే చేరావు కదా" అన్నది ఇంకో మాట. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ కట్టడాల కూలీల విషయంలో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పేసింది. అప్పట్లో రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. అందులో జమాదార్లు, అదే మన భాషలో మేస్త్రీలు, రూపాయి కమీషన్ కొట్టేస్తే కూలీ చేతికి 8 రూపాయల 25 పైసలే వచ్చేది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయేనని కోర్టు తేల్చింది. ఆకలికి ఒప్పుకున్నదాన్ని ఇష్టంతో ఒప్పుకున్నట్టు లెక్కేయడం కుదరదన్నమాట.

2025 నవంబర్ 21 నుంచి పాత వేతన చట్టాల స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. కొత్త కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి, అవి ఇంకోసారి. చేతికి పనికొచ్చేవి కూడా ఇందులో ఉన్నాయి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి. పని మానేసినా, తీసేసినా, రెండు పని దినాల్లో మొత్తం లెక్క తేల్చాలి, "వచ్చే నెల రా చూద్దాం" అనడానికి లేదు. పది నిమిషాలు లేటైందని అరపూట జీతం కోసేస్తుంటారే, అదీ చెల్లదు. ఎంతసేపు రాలేదో అంతసేపటికే కోత. జరిమానాలు ఎన్ని వేసినా జీతంలో నూటికి 3 రూపాయలు దాటకూడదు.

ఏజెన్సీ ఎగ్గొడితే? "మాకేం సంబంధం, వాళ్లనే అడుగు" అని పనిచేసే చోటివాళ్లు చేతులు దులుపుకుంటారు. ఆ సంస్థ కంపెనీ అయినా, అసోసియేషన్ అయినా, యజమాని, అంటే ఇక్కడ ఏజెన్సీ, ఇవ్వని జీతం చివరికి వాళ్లే ఇవ్వాలని కోడ్‌లో రాసి ఉంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులకు వెళ్లేవాళ్లు ఈ మాట కాస్త గట్టిగా వినాలి.

రిజిస్టర్ దగ్గర మాత్రం జాగ్రత్త. పన్నెండు గంటలు చేయించి, ఎనిమిది అని రాసిన గడి పక్కన సంతకం పెట్టించుకుంటారు. సంతకం పెట్టక తప్పకపోతే పెట్టండి, కానీ ఎక్కిన టైము, దిగిన టైము రోజూ మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, వీలైతే ఆ రిజిస్టర్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బకాయి కోసం మూడేళ్ల వరకు క్లెయిమ్ వేయొచ్చు. జీతం ఇచ్చేశామని రుజువు చూపించాల్సింది యజమానే. ఒక్కరే వేయడానికి భయంగా ఉంటే, మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ కూడా మీ తరఫున వేయొచ్చు. ముందు మీ దగ్గరి లేబర్ ఆఫీసుకెళ్లి అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ను కలవండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా మాత్రం బయటికి రావద్దు.