టర్బో సి మన ల్యాబ్‌లోంచి కదలకపోవడానికి అసలు కారణం ఇదీ!

హలో వైజాగ్! టర్బో సి, టర్బో సి ప్లస్ ప్లస్ అంటే సి, సి ప్లస్ ప్లస్ భాషల్లో ప్రోగ్రాంలు రాసే పాతకాలం సాఫ్ట్‌వేర్. పోయిన వీడియోలో "ఇంజినీరింగ్ ల్యాబుల్లోంచి టర్బో సి ప్లస్ ప్లస్‌ని తీసెయ్యండి" అన్నాను కదా. అప్పట్నుంచి రెండు వైపుల నుంచీ వాయింపే. "మేం దాంతోనే నేర్చుకుని అమెరికా వెళ్లాం, నీకేటి బాధ?" అని సీనియర్లు. "సిలబస్ మారదు అన్నా, వదిలెయ్" అని జూనియర్లు. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఒక ప్రోగ్రామింగ్ భాష బతికేదీ చచ్చేదీ ఒక్కదాని మీదే: దాని కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం, మామూలోడి పీసీలోకి ఎంత సుళువుగా దిగుతుంది? అంతే! మిగతావన్నీ ఆ తర్వాతే.

నమ్మరా? 1983కి రండి. పాస్కల్ అప్పటికే పేరున్న భాష. కానీ పీసీ మీద రాయాలంటే ఎడిటర్‌కో ఫ్లాపీ, కంపైలర్‌కో ఫ్లాపీ, లింకర్‌కి (ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాం చేసేదానికి) ఇంకోటి. తియ్యి, పెట్టు, తియ్యి, పెట్టు. ఒక సెమికోలన్ మర్చిపోతే మళ్లీ మొదట్నుంచీ! కంపైలర్ ధర చూస్తే వందల డాలర్లు. అప్పుడు అండర్స్ హెయిల్స్‌బర్గ్ అనే డెన్మార్క్ కుర్రాడు మెషీన్‌కి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో ఒక కంపైలర్ రాశాడు. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే ప్రోగ్రాంలో. సోర్స్ కోడ్‌ని ఒక్కసారే చదువుతుంది, మెమరీలోనే కంపైల్ చేసేస్తుంది, తప్పుంటే కర్సర్ నేరుగా ఆ లైన్ మీదకెళ్లి నిలబడుతుంది. బోర్లాండ్ అనే కంపెనీ దానికి టర్బో పాస్కల్ అని పేరుపెట్టి అమ్మింది. ఎంతకి? 49 డాలర్ల 95 సెంట్లు!

సైజు చెప్తాను, గట్టిగా కూచోండి. 3.02 వెర్షన్ మొత్తం 39,731 బైట్లు. ఎడిటర్‌తో సహా! నిన్న ఆర్కే బీచ్‌లో నేను తీసుకున్న సెల్ఫీ నాలుగు ఎంబీ. ఆ ఒక్క సెల్ఫీలో వంద టర్బో పాస్కల్‌లు పడతాయి!

దీని యాడ్ వెనక ఒక కథ ఉంది, చెప్పకుండా ముందుకెళ్లలేను. బోర్లాండ్ బాస్ ఫిలిప్ కాన్ తానే చెప్పుకున్న ముచ్చట. బైట్ అనే కంప్యూటర్ పత్రికలో యాడ్ వెయ్యాలి, చేతిలో డబ్బుల్లేవు. ఆ పత్రిక యాడ్ల మనిషి వచ్చే టైముకి ఆఫీసు నిండా జనాన్ని కూచోబెట్టాడు, ఫోన్లు మోగించాడు. యాడ్లు వెయ్యబోయే పత్రికల జాబితాలో బైట్ పేరు కొట్టేసి, ఆ కాగితం వాడి కంట పడేలా పెట్టాడు. వాడు కంగారుపడి అప్పు మీద యాడ్ ఇచ్చేశాడు! ఇక ఆర్డర్లే ఆర్డర్లు.

ఆ ఊపులోనే బోర్లాండ్ నుంచి 1987లో టర్బో సి, 1990లో టర్బో సి ప్లస్ ప్లస్. అవి మన దాకా ఎలా వచ్చాయి? ఒక ఫోల్డర్. కాపీ, పేస్ట్, అయిపోయింది. నెట్ అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు. అందుకే ముప్ఫై ఏళ్లయినా కదల్లేదు! సి ప్లస్ ప్లస్‌కి మొదటి అధికారిక స్టాండర్డ్ వచ్చిందే 1998లో, మన పిల్లలు నేర్చుకునేది అంతకు ముందు సరుకు. 64 బిట్ విండోస్ మీద టర్బో సి ప్లస్ ప్లస్ నడవదు కాబట్టి, పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపిస్తున్నాం. అందులో ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) అంటే 16 బిట్లు, 32,767 దాటితే గల్లంతే. ఎనిమిది ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఎనిమిది దాకా గుణిస్తే వచ్చేది) కొట్టండి, 40,320 రావాల్సిన చోట మైనస్ 25,216 వస్తుంది! పిల్లాడు తన లాజిక్ తప్పనుకుని రాత్రంతా జుట్టు పీక్కుంటాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా పిన్ని కొడుకు, గాజువాకలో ఉంటాడు, బీటెక్ రెండో సంవత్సరం. ముచ్చటపడి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాడు. రస్ట్ అనగానే అందరూ బారో చెకర్ (మెమరీ తప్పుల్ని కంపైలర్ ముందే పట్టేసే పద్ధతి) కష్టం, బారో చెకర్ కష్టం అంటారు. మావాడు అక్కడిదాకా వెళ్తే కదా! విండోస్‌లో ఇన్‌స్టాల్ చెయ్యబోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ కావాలంది, లింకర్ వాటిలోనే ఉంటుంది. అవి గిగాబైట్లు. వాడి ఫోన్లో రోజుకి ఒకటిన్నర జీబీ. సరేలే అని అది వదిలేసి మొదటి ప్రోగ్రాం రన్ చేశాడు. "లింకర్ నాట్ ఫౌండ్". రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "అన్నయ్యా, రస్ట్ నాకు రాదు." ఒరే, నువ్వు రస్ట్‌లో ఒక్క లైన్ కూడా తప్పు రాయలేదురా! వాడి గొంతు విని నాకు నిద్రపట్టలేదు.

నన్ను మండించేది ఏంటంటే, దారి ఉంది. రస్ట్‌కి విండోస్‌లోనే గ్నూ రకం (ఆ మైక్రోసాఫ్ట్ టూల్స్ అక్కర్లేనిది) విడి ఇన్‌స్టాలర్ ఉంది, లింకర్ అందులోనే వస్తుంది. ముందు కనపడేది మాత్రం ఆ గిగాబైట్లు అడిగేది! పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గాజువాక వెళ్లాను. నెట్ ఆపేసి ఎక్కించాను. హలో వరల్డ్ వచ్చింది. వాడి మొహం చూడాలి మీరు!

ల్యాబ్ సార్లూ, మీకూ అలాంటిదే ఉంది. కోడ్ బ్లాక్స్ అనే ఎడిటర్‌కి మిన్‌జీడబ్ల్యూ (విండోస్ కోసం కంపైలర్ సరంజామా) కలిపిన ఇన్‌స్టాలర్, ఒక్కటే ఫైల్. జీసీసీ అనే కంపైలర్ దాంట్లోనే ఉంటుంది, పైసా ఖర్చులేదు, పెన్‌డ్రైవ్ చాలు. రేపు ఒక్క మెషీన్ మీద వెయ్యండి. ఎనిమిది ఫ్యాక్టోరియల్ కొట్టించండి. స్క్రీన్ మీద 40,320 కనపడగానే ఫొటో తీసి నాకు పంపండి. తర్వాతి వీడియో ఆ ఫొటోతోనే మొదలుపెడతాను.