తిరుమల కొండ వయసు సరే, స్వర్ణముఖి నది వయసెంత?

[దృశ్యం: ఘాట్ రోడ్డు పక్కన కోసిన రాతి గోడ]

తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లేవాళ్లు ఈ గోడని చాలాసార్లు చూసే ఉంటారు. కింద గ్రానైట్. దాని వయసు 210 కోట్ల ఏళ్లకు పైమాటే. మీద పొరలు పొరలుగా ఉన్నది క్వార్ట్‌జైట్, సుమారు 160 కోట్ల ఏళ్లది. రెండూ కలిసే గీత దగ్గర కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర కనిపించదు. ఆ కాలమంతా వానా గాలీ గ్రానైట్‌ని అరగదీశాయి. తర్వాత నీళ్లు తెచ్చిన ఇసుక దానిమీద పేరుకుని రాయైంది. మధ్యలో కాలం జారిపోయిన ఈ గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. తిరుపతి బడిపిల్లల్ని ఏటా ఇక్కడికి తీసుకొచ్చి చూపించాలని నా కోరిక.

[క్లోజప్: గులకరాళ్లున్న పొర]

క్వార్ట్‌జైట్ అడుగున కొన్నిచోట్ల గుండ్రటి గులకరాళ్లు కనిపిస్తాయి. నీళ్లలో దొర్లితేనే రాయికి ఆ నునుపు వస్తుంది. నేలమీద గడ్డిపరక కూడా మొలవని కాలంలోనే ఇక్కడ నీళ్లు కదిలాయన్నమాట!

[మ్యాప్: చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సముద్రం]

అలాగని స్వర్ణముఖికి 160 కోట్ల ఏళ్లు అనకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. రాయి వయసు వేరు, ఆ రాతిని కోసే ఏటి వయసు వేరు. స్వర్ణముఖి వెళ్లి కలిసేది బంగాళాఖాతంలో. ఒకప్పుడు ఆ సముద్రమే లేదు, మన తూర్పు తీరానికి అంటార్కిటికా ఆనుకుని ఉండేది. అవి విడిపోయింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. కాబట్టి తూర్పు సముద్రంలో కలిసే ఈ ఏరు అంతకంటే పాతది కాలేదు, ఇంకా ఎంతో చిన్నదే అయ్యుండొచ్చు.

హిమాలయాల్లో కథ తిరగబడింది. సింధు, బ్రహ్మపుత్ర అక్కడి కొండలకంటే ముందే పారాయి. కొండ లేస్తున్నకొద్దీ కోసుకుంటూ పోయాయి.

[దృశ్యం: తలకోన జలపాతం, 270 అడుగులు]

మరి ఇంత గట్టి క్వార్ట్‌జైట్‌ని మన వాగులెలా కోస్తున్నాయి? రాతిలో నిలువు పగుళ్లున్నాయి. నీళ్లు వాటిలో దూరి, అడుగు తొలిచేస్తే, పైనున్న దిమ్మె విరిగి పడుతుంది. అందుకే మన జలపాతాల వెనక గోడ అంత నిటారుగా ఉంటుంది, కింద అన్ని బండలుంటాయి. ఈ పని రోజూ జరగదు. 2021 నవంబరు వరద చూసినవాళ్లకి తెలుసు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటగా కనిపించే స్వర్ణముఖి రెండు మూడు రోజుల్లో ఎంత మోసుకుపోగలదో. కోత చాలావరకు అలాంటి రోజుల్లోనే పడుతుంది.