సున్నా గుండ్రంగా ఉందా?

వేదిక మీది పెద్దలకు, కంప్యూటర్ సెంటర్ నిర్వాహకులకు, కోర్సు పూర్తిచేసిన పిల్లలకు, వాళ్లను చదివించిన అమ్మానాన్నలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలు. మానిటర్‌లో బొమ్మ బాగా కనబడాలంటే ఏ సెట్టింగులు పెట్టుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను. ముందు మా అక్క సంగతి వినండి.

మా అక్క పేరు పద్మ. బావగారు పోయాక పెన్షన్ కోసం ఒక సర్టిఫికెట్‌కు పెట్టుకుంది. వచ్చిన కాగితంలో 'వద్మ' అని ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం నాలుగు నెలలు తిరిగింది. చివరికి నేనే వెంట వెళ్లాను. ఆపరేటర్ కుర్రాడు మంచివాడు. "సరిగ్గానే కొట్టాను సార్, చూడండి" అని మానిటర్ నా వైపు తిప్పాడు.

చూశాను. పైన తెరిచి ఉంటే ప, మూసుకుంటే వ. తెర మీద బొమ్మంతా చిన్నచిన్న గళ్లే, పిక్సెళ్లంటారు. చిన్న సైజులో ఆ సందు ఒక్క గడి వెడల్పు ఉంటే గొప్ప. ఆ స్క్రీన్ మీద అది బూడిదరంగులో అలుక్కుపోయింది. సెట్టింగ్స్ తెరిస్తే రిజల్యూషన్, అంటే అడ్డంగా, నిలువుగా ఎన్ని గళ్లో ఆ లెక్క, 1024 బై 768. ఆ మానిటర్‌దేమో 1366 బై 768. అక్షరాలు పెద్దగా కనబడాలని ఎవరో ఎప్పుడో మార్చి, అలాగే వదిలేశారు.

నేను 1998లో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, నేర్చుకున్నప్పుడు ఉన్నవి పాత డబ్బా మానిటర్లు. ఏ రిజల్యూషన్ ఇచ్చినా సర్దుకునేవి. వాటితో బాధల్లా మినుకుమినుకుమనడం. 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మళ్లీ గీసేలా, పెడితే సాయంత్రానికి తలనొప్పి, 85కి మారిస్తే కాస్త హాయి. ఇప్పటి పలక మానిటర్, అదే ఎల్‌సీడీ, అలా కాదు. దాని గళ్లు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల పైచిలుకు. ఆ లెక్కకే రిజల్యూషన్ పెట్టాలి. 1024ని 1366 మీద పరిస్తే మూడు గళ్ల బొమ్మను నాలుగు గళ్లకు సాగదీసినట్టు. మధ్యలో పడ్డ గీత అటూ ఇటూ పులుముకుపోతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగో చదివేస్తాం. మన ఒత్తులు, థ పొట్టలో చుక్క, ధ కింద గీత ఏమైపోవాలి?

విండోస్‌లో డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, డిస్‌ప్లే సెట్టింగ్స్. రిజల్యూషన్‌లో 'రికమెండెడ్' అని ఉన్నదే ఎంచుకోండి. అక్షరం చిన్నదైతే రిజల్యూషన్ జోలికి పోకండి, పక్కనే స్కేల్ ఉంటుంది, 125 పెట్టండి, చాలకపోతే 150. అమ్మా, వెనక వరసలో వాళ్లు, ఈ ఒక్క మాట రాసుకోండి. స్కేల్ పెంచాలి, రిజల్యూషన్ తగ్గించకూడదు. అక్షరాల అంచులు నునుపుగా చూపించే క్లియర్‌టైప్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

బ్రైట్‌నెస్‌కు నా పద్ధతి ఒకటే. స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పట్టుకుంటాను. స్క్రీన్ ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంటే తగ్గిస్తాను, కాగితం కన్నా మసగ్గా ఉంటే పెంచుతాను. రాత్రిపూట స్క్రీన్ వెలుగును పసుపుగా మార్చే నైట్ లైట్ పెట్టుకుంటే పెట్టుకోండి. కానీ దాన్ని ఆన్‌లో ఉంచి శుభలేఖ రంగులు సరిచూడకండి. తెలుపే పసుపుగా కనబడుతుంటే కుంకుమ రంగు ఏం తెలుస్తుంది?

ఒక పరీక్ష చెప్తాను. వర్డ్‌లో సున్నాను, అంకె కాదు, తెలుగు అక్షరం పక్కన పెట్టే సున్నాను, 72 సైజులో కొట్టండి. మన పూర్ణబిందువు గుండ్రంగా ఉండాలి. పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంటే రిజల్యూషన్ తప్పు. అక్క కాగితం దిద్దించిన రోజు నుంచి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట ఇదే చేస్తున్నాను. రేపు మీలో చాలామంది ఇలాంటి కౌంటర్లలోనే కూర్చుంటారు. అవతల నిలబడేది ఎవరి అక్కో, ఎవరి అమ్మో. దయచేసి మొదటిరోజే ఆ సున్నా కొట్టి చూడండి.

ఇందాక మీ ల్యాబ్‌లోనూ కొట్టి చూశాను. రెండు మానిటర్లలో సున్నా గుడ్డులా ఉంది. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు, రెండూ సరిచేసే వచ్చాను. కానీ ఈరోజు ఇస్తున్న సర్టిఫికెట్లు టైప్ చేసింది వాటి మీదేనట. పిల్లలూ, కాగితం చేతికి రాగానే ఫొటోకు నిలబడే ముందు మీ పేరు అక్షరం అక్షరం చదువుకోండి. తేడా ఉంటే నా దగ్గరికి రండి, నేను ఇక్కడే ఉంటాను.